విదేశీ చెక్కు: ఏ రేటు, ఏ రోజు రేటు?

అందరికీ నమస్కారం.

వేరే దేశపు కరెన్సీలో రాసిన చెక్కు ఒకటి మీ చేతికి వచ్చిందనుకుందాం. పింఛను కావచ్చు, షేర్ల మీద డివిడెండు కావచ్చు, పన్ను వాపసు, వారసత్వపు వాటా, చేసిన పనికి ఫీజు, ఏదైనా కావచ్చు. దాని మీద 2,000 డాలర్లని ఉంటుంది. బ్యాంకులో వేస్తారు. కొన్ని వారాల తర్వాత ఖాతాలో డబ్బు పడుతుంది. లెక్క చూసుకుంటే ఎంతో కొంత తరుగు తేలుతుంది. కౌంటరులో అడిగితే "మేం కమీషనే తీసుకోలేదండీ" అంటారు. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు. తరుగు కమీషన్ పేరుతో పోలేదు, రేటులో పోయింది. అందుకే అది రసీదులో ఎక్కడా విడిగా కనిపించదు.

ఇలాంటి చెక్కు పట్టుకుని వెళ్ళినవాళ్ళలో ఎక్కువమంది అడిగే ప్రశ్న "ఇవాళ డాలరు రేటెంత?" అని. ఆ ప్రశ్నకు వచ్చే జవాబు మీకు దాదాపు పనికిరాదు. అడగవలసినవి రెండు. నా చెక్కుకు ఏ రకం రేటు వేస్తారు? ఏ రోజు రేటు వేస్తారు? ఇవాళ నేను చెప్పబోయేదంతా ఈ రెండింటి చుట్టూనే.

ముందు రేట్ల రకాలు. వార్తల్లో, ఫోనులో కనిపించే రేటు మధ్య రేటు. బ్యాంకులు తమలో తాము కొనే ధరకీ అమ్మే ధరకీ నడిమధ్యన ఉండే అంకె అది. ఆ రేటుకు మామూలు ఖాతాదారుకు బ్యాంకులు సాధారణంగా ఇవ్వవు, కానీ కొలబద్దగా అదే కావాలి. యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు ప్రతి పనిదినం సాయంత్రం నాలుగింటి ప్రాంతంలో, మధ్య యూరప్ సమయం ప్రకారం, యూరోకు రిఫరెన్సు రేట్లు ప్రకటిస్తుంది. అవి సమాచారం కోసమే, లావాదేవీల కోసం కాదు అని ఆ బ్యాంకే చెబుతుంది. పోల్చుకోవడానికి మాత్రం అలాంటి అధికారిక రేటు చాలా పనికొస్తుంది.

దాని కింద బ్యాంకు కొనుగోలు రేట్లు ఉంటాయి. ఒకటి కాదు, రెండు మూడు ఉంటాయి. బ్యాంకు రేట్ల పట్టికను దగ్గరగా చూడండి. టీటీ బయింగ్ అని ఒక వరస ఉంటుంది. టీటీ అంటే టెలిగ్రాఫిక్ ట్రాన్స్‌ఫర్, పాత తంతి రోజుల పేరు అలాగే ఉండిపోయింది. విదేశంలో బ్యాంకుకున్న ఖాతాలో డబ్బు అప్పటికే పడిపోయి, మార్చడం ఒక్కటే మిగిలినప్పుడు వేసే రేటది. కొనుగోలు రేట్లలో మీకు ఎక్కువ ఇచ్చేది ఇదే. తర్వాత బిల్ బయింగ్, లేదా చెక్కుల కొనుగోలు రేటు. డబ్బు ఇంకా బ్యాంకుకు రాకముందే మీకు ఇచ్చేస్తుంది కాబట్టి, దారిలో గడిచే రోజుల వడ్డీని, రిస్కును రేటులోనే కోసుకుంటుంది. అందుకే ఇది టీటీ కన్నా తక్కువ. ఆ కింద కరెన్సీ నోట్ల రేటు ఉంటుంది. నోట్లను భద్రపరచాలి, మోయాలి, బీమా చేయాలి, అందువల్ల అది ఇంకా తక్కువ. చెక్కుకు నోట్ల రేటు వేస్తామంటే ఒప్పుకోకండి, దానికి ఏ కారణమూ లేదు.

ఇక్కడ బాగా గుర్తుపెట్టుకోవలసిన మాట ఒకటుంది. చెక్కును కలెక్షనుకు, అంటే విదేశీ బ్యాంకు నుంచి వసూలుకు పంపించి, డబ్బు విదేశీ బ్యాంకు నుంచి వచ్చేదాకా మీరే ఆగితే, మార్చే సమయానికి డబ్బు బ్యాంకు చేతిలో ఉన్నట్టే. వడ్డీ నష్టం మీరు భరించారు, బ్యాంకు కాదు. కాబట్టి కలెక్షనులో వచ్చిన సొమ్ముకు టీటీ బయింగ్ రేటు పడాలి. ఆరు వారాలు మీతో ఎదురుచూపులు చూపించి, చివరికి చెక్కుల కొనుగోలు రేటు వేస్తే ఒకే రిస్కుకు మీ దగ్గర రెండుసార్లు తీసుకున్నట్టు. అడ్వైసు, అంటే జమ వివరాలతో బ్యాంకు ఇచ్చే కాగితం, చేతికి రాగానే ముందు చూడవలసింది ఇదే.

చెక్కును డబ్బు చేసుకోవడానికి రెండు దారులున్నాయి. ఇప్పుడు వాటి గురించి వివరంగా చెబుతాను.

మొదటిది కలెక్షను, అంటే వసూలుకు పంపడం. మీ బ్యాంకు చెక్కును కొరియరులో విదేశంలోని తన కరెస్పాండెంట్ బ్యాంకుకు, అంటే అక్కడ తన తరఫున పనిచేసే బ్యాంకుకు పంపుతుంది. ఆ బ్యాంకు దాన్ని చెక్కు ఏ బ్యాంకు మీద రాశారో ఆ బ్యాంకుకు చూపిస్తుంది. అక్కడ సంతకం, నిల్వ, స్టాప్ పేమెంట్, అంటే చెల్లించవద్దన్న ఆదేశం, ఉందా లేదా అన్నీ చూసుకుని డబ్బిస్తారు. ఆ డబ్బు మీ బ్యాంకు విదేశీ ఖాతాలో, దాన్నే నాస్ట్రో ఖాతా అంటారు, అందులో పడుతుంది. అప్పుడు మీ ఖాతాకు జమ. మూడు వారాలు, ఆరు వారాలు, ఒక్కోసారి ఎనిమిది కూడా పడుతుంది. దారిలో ముగ్గురు చార్జీలు తీసుకునే అవకాశం ఉంది: మీ బ్యాంకు, మధ్యలో కరెస్పాండెంట్, అవతల చెల్లించే బ్యాంకు. చివరి రెండూ సాధారణంగా చెక్కు మొత్తంలోంచే తగ్గిపోయి వస్తాయి. రేటు మాత్రం మీరు చెక్కు ఇచ్చిన రోజుది కాదు, డబ్బు వచ్చిన రోజుది. ఈలోగా రేటు పెరగవచ్చు, తగ్గవచ్చు.

రెండోది కొనుగోలు, దీన్నే నెగోషియేషన్ అని కూడా అంటారు. చెక్కు ఇచ్చిన రోజే, లేదా ఒకటి రెండు రోజుల్లో, బ్యాంకు తన చెక్కుల కొనుగోలు రేటుకు లెక్కగట్టి ఖాతాలో వేస్తుంది. చూడ్డానికి ఎంతో హాయిగా ఉంటుంది. కానీ ఆ జమ ఖాయం కాదు. చెక్కు చెల్లకపోతే తిరిగి తీసుకునే హక్కు బ్యాంకు దగ్గరే ఉంటుంది. మీరు సంతకం పెట్టే కాగితంలో ఆ షరతు ఉంటుంది, చదవండి. ఆ షరతు ఎంత ఖరీదో లెక్క వేసి చూపిస్తాను.

లెక్క తేలికగా ఉండాలని మధ్య రేటు డాలరుకు 100 అనుకుందాం. చెక్కుల కొనుగోలు రేటు 97, అమ్మకపు రేటు 102. చెక్కు 2,000 డాలర్లు. బ్యాంకు మీకు 1,94,000 వేసింది. ఇరవై అయిదు రోజుల తర్వాత చెక్కు తిరిగొచ్చింది. ఇప్పుడు మీరు బ్యాంకుకు 2,000 డాలర్లు బాకీ. బ్యాంకు మీకు డాలర్లు అమ్మినట్టు లెక్కగట్టి, అమ్మకపు రేటు చొప్పున 2,04,000 వెనక్కి తీసుకుంటుంది. రేటు ఒక్క పైసా కదలకపోయినా మీకు 10,000 నష్టం, పైగా తిరిగొచ్చిన చార్జీలు. ఈ మధ్యలో డాలరు బలపడి అమ్మకపు రేటు 106 అయితే నష్టం 18,000. ఒక్క డాలరు కూడా మీ చేతికి దక్కకుండానే ఇంత నష్టం. చెక్కు ఇచ్చినవాళ్ళ మీద పూర్తి నమ్మకం ఉంటే తప్ప కొనుగోలు దారి పట్టకండి. ప్రభుత్వం, పెద్ద బీమా సంస్థ, పేరున్న కంపెనీ డివిడెండు లాంటివైతే పరవాలేదు. మొదటిసారి వ్యాపారం చేస్తున్న అపరిచితుడి చెక్కును మాత్రం కలెక్షనుకే పంపండి.

అపరిచితుడి మాట వచ్చింది కాబట్టి మోసం సంగతి ఇక్కడే చెప్పేస్తాను. రావలసిన దానికన్నా ఎక్కువ మొత్తానికి చెక్కు వస్తుంది. "పొరపాటున ఎక్కువ రాశాం, మిగతాది వెనక్కి పంపండి" అని ఒక ఉత్తరం కూడా ఉంటుంది. బ్యాంకు తాత్కాలికంగా జమ చేస్తుంది, మీరు వైరు ద్వారా, అంటే బ్యాంకు నుంచి బ్యాంకుకు నేరుగా చేసే ఎలక్ట్రానిక్ బదిలీతో, తేడా పంపేస్తారు. వారాల తర్వాత చెక్కు దొంగదని తేలుతుంది. వైరు తిరిగిరాదు. పైన చెప్పిన మారకపు నష్టం అదనం. ఖాతాలో కనిపించే అంకెను కాదు, "తుది చెల్లింపు అందింది" అని బ్యాంకు రాతపూర్వకంగా చెప్పిన మాటను నమ్మండి. ఎవరు ఎంత తొందరపెట్టినా సరే, అది వచ్చేదాకా పైసా కదిలించకండి.

సరే, ఇప్పుడు కమీషన్‌కీ రేటుకీ ఉన్న సంబంధం. ఇద్దరు బ్యాంకువాళ్ళు రెండు రకాలుగా చెప్పారనుకోండి. మొదటివారు "కమీషన్ సున్నా, రేటు 96" అన్నారు. రెండోవారు "కమీషన్ 1,500, విదేశీ చార్జీ 20 డాలర్లు, రేటు 98.50" అన్నారు. చెవికి మొదటిదే బాగుంటుంది. 2,000 డాలర్ల చెక్కు మీద మొదటివారి దగ్గర 1,92,000 వస్తుంది. రెండోవారి దగ్గర 1,980 డాలర్లకు 98.50 చొప్పున 1,95,030, అందులోంచి 1,500 తీసేస్తే 1,93,530. ఎక్కువ ఇస్తున్నది చార్జీలు వేస్తున్నవారే. అదే 10,000 డాలర్లయితే తేడా 21,530 దాకా పోతుంది. కానీ 300 డాలర్ల చెక్కుకు తిరగబడుతుంది: మొదటివారు 28,800 ఇస్తే, రెండోవారి దగ్గర 26,080 మిగులుతుంది. ఈ ఉదాహరణలో సరిహద్దు 1,388 డాలర్ల దగ్గర ఉంది.

ఆ సరిహద్దు కనుక్కోవడం కష్టం కాదు. స్థిరమైన చార్జీలన్నీ మీ కరెన్సీలోకి మార్చి కలపండి. ఇక్కడ 1,500, దానికి 20 డాలర్లకు 1,970, మొత్తం 3,470. దాన్ని రెండు రేట్ల తేడాతో, అంటే 2.50తో భాగించండి. అంతకన్నా పెద్ద చెక్కుకు మంచి రేటు ఎవరిస్తారో చూడండి, చిన్న చెక్కుకు చార్జీలు ఎవరు తక్కువ తీసుకుంటారో చూడండి. ఫోనులో ఉన్న కాలిక్యులేటరుతో అర నిమిషం పని. రేట్లు పోల్చేటప్పుడు రెండు బ్యాంకుల రేట్లూ ఒకే గంటలో తీసుకోండి. ఒకరి ఉదయపు రేటునీ ఇంకొకరి సాయంత్రపు రేటునీ పక్కపక్కన పెడితే అది పోలిక కాదు.

మొత్తం పెద్దదైతే పట్టికలో ఉన్న రేటును చివరి మాటగా తీసుకోకండి. పట్టిక రేటు చిల్లర లావాదేవీలకు. కొంత మొత్తం దాటితే బ్రాంచివాళ్ళు ట్రెజరీ విభాగానికి ఫోను చేసి ఆ లావాదేవీకి ప్రత్యేక రేటు తీసుకోగలరు. అడిగినవాళ్ళకే ఇస్తారు. అడిగేటప్పుడు "కాస్త మంచి రేటు ఇవ్వండి" అనకండి. "మధ్య రేటుకు ఎంత మార్జిన్ వేస్తున్నారు?" అని అడగండి. మార్జిన్ అంటే మధ్య రేటుకీ మీకిచ్చే రేటుకీ ఉన్న తేడా. ఆ మాట వినగానే మాటల తీరే మారుతుంది. రేటు ఖాయం చేసుకోవడం కూడా పనిదినాల్లో, మార్కెట్ నడుస్తున్న వేళలోనే చేయండి. విదేశీ మారక మార్కెట్ న్యూయార్కు సమయం ప్రకారం శుక్రవారం సాయంత్రం అయిదింటికి ఆగి, ఆదివారం సాయంత్రం అయిదింటికి మళ్ళీ మొదలవుతుంది. ఆ మధ్యలో ఇచ్చే రేటులో, సోమవారం ఎలా తెరుచుకుంటుందో అన్న భయానికి కూడా మార్జిన్ కలుపుకుంటారు.

ఇక అన్నిటికన్నా మంచి పద్ధతి. చెక్కు వసూలునీ, కరెన్సీ మార్పిడినీ విడదీయండి. నష్టంలో ఎక్కువ భాగం ఈ రెండూ ఒకే క్షణంలో, ఒకే బ్యాంకు చేతిలో, మీరు లేనప్పుడు జరగడం వల్లే వస్తుంది. చెక్కు డాలర్లలో ఉంటే డాలర్ ఖాతాలో వేయండి, పౌన్లలో ఉంటే పౌన్ల ఖాతాలో. మీ బ్యాంకులో విదేశీ కరెన్సీ ఖాతా తెరవడానికి మీ దేశపు నిబంధనలు అనుమతిస్తే అది తెరవండి. డబ్బు ఆ కరెన్సీలోనే పడుతుంది. తర్వాత ఎప్పుడు, ఎవరి దగ్గర, ఎంత మార్చాలో మీ ఇష్టం. రెండు మూడు విడతలుగా మార్చుకుంటే ఏదో ఒక చెడ్డ రోజు మొత్తాన్నీ తినేయదు.

ఇందులో ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. జమ ఫారంలో ఏ కరెన్సీలో జమ చేయాలి అన్న గడి ఖాళీగా వదిలేస్తారు. గుమస్తా అలవాటు ప్రకారం దాన్ని స్థానిక కరెన్సీగా తీసుకుంటాడు. డాలర్లు స్థానిక కరెన్సీలోకి మారి, మళ్ళీ డాలర్ ఖాతాలో పడడానికి డాలర్లుగా మారతాయి. కొనుగోలు రేటు ఒకసారి, అమ్మకపు రేటు ఒకసారి. ఇందాకటి లెక్కలో చూసిన రెండు వైపుల నష్టమే ఇది కూడా. అందుకే ఫారం మీద, పైన పెట్టే ఉత్తరం మీద "మార్చవద్దు, అదే కరెన్సీలో జమ చేయండి" అని స్పష్టంగా రాయండి. యూరో చెక్కును డాలర్ ఖాతాలో వేయడమూ ఇలాంటిదే. రెండు మార్పిడులు, రెండు మార్జిన్లు.

ఇప్పుడు చెక్కునే కాస్త దగ్గరగా చూద్దాం. కౌంటరుకు వెళ్ళేముందు బల్ల మీద పెట్టుకుని చూడవలసినవి కొన్ని ఉన్నాయి.

మొదట, ఏ కరెన్సీ అన్నదొక్కటే చాలదు, ఏ దేశంలోని ఏ బ్యాంకు మీద రాశారో చూడండి. డాలరు గుర్తు అమెరికాది కావచ్చు, కెనడాది, ఆస్ట్రేలియాది, హాంకాంగ్‌ది, సింగపూర్‌ది, న్యూజిలాండ్‌ది కావచ్చు. కెనడా బ్యాంకు మీద అమెరికా డాలర్లలో రాసిన చెక్కులు కూడా ఉంటాయి. అది అమెరికాకు కాదు, కెనడాకు పోవాలి. తప్పు దేశానికి పంపితే వారాలు పోతాయి, చార్జీ రెండుసార్లు పడుతుంది. కింది అంచున అయస్కాంత సిరాతో అంకెలు ఉంటాయి కదా, అవి చాలావరకు చెబుతాయి. అమెరికా చెక్కులో తొమ్మిది అంకెల రూటింగ్ నంబరు ఉంటుంది, బ్రిటన్ చెక్కులో ఆరు అంకెల సార్ట్ కోడ్ ఉంటుంది. ఫ్రాన్సు లాంటి చోట్ల అంకెల ఆకారమే వేరు, నిలువు గీతలతో కట్టినట్టు ఉంటాయి. ఆ అంచు మీద మడత గానీ, స్టేపుల్ గానీ, రాత గానీ పడనివ్వకండి.

రెండోది తేదీ. అమెరికా చెక్కు మీద 04/07 అంటే ఏప్రిల్ 7, బ్రిటన్ చెక్కు మీద జులై 4. గడువు లెక్క దీని మీదే నడుస్తుంది. అమెరికా యూనిఫాం కమర్షియల్ కోడ్ ప్రకారం ఆరు నెలలు దాటిన మామూలు చెక్కుకు చెల్లించాల్సిన బాధ్యత బ్యాంకుకు లేదు. బ్రిటన్‌లోనూ బ్యాంకుల ఆనవాయితీ ఆరు నెలలే. అమెరికా ప్రభుత్వ ఖజానా ఇచ్చే ట్రెజరీ చెక్కుకు ఏడాది. కెనడా ప్రభుత్వ చెక్కులకు గడువే తీరదు. 1931 జెనీవా ఒప్పందం ప్రకారం చట్టం చేసుకున్న యూరప్ దేశాల్లో గడువులు చాలా బిగువు. రాసిన దేశంలోనే చెల్లేదైతే ఎనిమిది రోజులు, అదే ఖండంలోని వేరే దేశంలో చెల్లేదైతే ఇరవై రోజులు, ఖండం మారితే డెబ్బై రోజులు. ఆ గడువు దాటితే చెక్కు రాసినవారు దాన్ని రద్దు చేయవచ్చు. కొరియరులో పోయే రోజులు కూడా ఇందులోంచే పోతాయి. కాబట్టి రేటు బాగుపడాలని చెక్కును బీరువాలో దాచడం సరైన పని కాదు. రేటు కోసం ఆగాలనుకుంటే ముందు చెక్కును డబ్బు చేసుకుని, విదేశీ కరెన్సీ ఖాతాలో ఉంచి ఆగండి. కాగితాన్ని పట్టుకుని కూర్చుంటే గడువూ కరుగుతుంది, అవతలివారి ఖాతాలో నిల్వా కరగవచ్చు.

మొత్తం అంకెల్లోనూ మాటల్లోనూ ఒకటేనా? తేడా ఉంటే చట్టం మాటల్లో రాసినదాన్నే లెక్కలోకి తీసుకుంటుంది, కానీ వసూలుకు పోయిన చెక్కు ఆ తేడాతో ఉత్తచేతులతో తిరిగొచ్చే అవకాశమే ఎక్కువ. పంపకముందే మార్పించుకోండి. పేరు మీ ఖాతాలో ఉన్నట్టే ఉండాలి. ఇంటిపేరు ముందా వెనకా, పొడి అక్షరాలా పూర్తి పేరా అన్న తేడాలతో ఎన్నో చెక్కులు ఆగిపోతాయి. ఇద్దరి పేర్లుంటే మధ్యలో ఉన్న మాట చూడండి. అమెరికా చెక్కులో "అండ్" అని ఉంటే ఇద్దరూ వెనక సంతకం చేయాలి, "ఆర్" అని ఉంటే ఒకరు చాలు. వెనక సంతకానికి అక్కడ చోటు కూడా నిర్ణయించి ఉంది. చెక్కు ముందువైపు ఎడమ అంచుకు వెనకభాగం, అక్కడి మొదటి ఒకటిన్నర అంగుళం. మిగతా చోటు బ్యాంకుల ముద్రలకు. సంతకం పైన "జమ కోసం మాత్రమే" అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు మాట, ఖాతా నంబరు రాస్తే దారిలో పోయినా ఇంకొకరికి పనికిరాదు. బ్రిటన్ చెక్కు మీద రెండు గీతల మధ్య "అకౌంట్ పేయీ" అని ఉంటే, 1992 చెక్కుల చట్టం తర్వాత అది బదిలీ కాదు. మీ ఖాతాలో తప్ప ఎక్కడా చెల్లదు, మేనల్లుడికి రాసిచ్చి అక్కడ మార్పించుకోవడం కుదరదు.

ఇవన్నీ చూశాక రెండు వైపులా ఫొటో తీసుకోండి. జెరాక్స్ కూడా తీసుకోండి. తర్వాత ఫారం, పైన ఒక చిన్న ఉత్తరం. ఉత్తరంలో నాలుగే విషయాలు: చెక్కు వివరాలు, కలెక్షనా కొనుగోలా, ఏ కరెన్సీలో జమ, మార్చేట్లయితే టీటీ బయింగ్ రేటు కోరుతున్నామన్న మాట. నోటిమాటగా చెప్పింది మీ చెక్కుతో పాటు ప్రయాణం చేయదు. చెక్కును చూసే గుమస్తా వేరు, ఆరు వారాల తర్వాత రేటు వేసే గుమస్తా వేరు. కాగితం మీద ఉన్నదే రెండోవారికి కనిపిస్తుంది. ఒక కాపీ మీద బ్యాంకు ముద్ర, తేదీ వేయించుకోండి. కలెక్షను రిఫరెన్సు నంబరు అడిగి తీసుకోండి.

విదేశీ చార్జీలు చెక్కు రాసినవారే భరించేలా ఒప్పుకుంటే అది కూడా ఉత్తరంలో రాయాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. అంతర్జాతీయ కలెక్షన్లకు అంతర్జాతీయ వాణిజ్య మండలి నియమాలు, యూఆర్‌సీ 522 అని పిలిచేవి, 1996 జనవరి 1 నుంచి అమల్లో ఉన్నాయి. కలెక్షను వాటికి లోబడి పోతే, చార్జీలు అవతలివారివే అని ఊరికే రాస్తే చాలదు. వాళ్ళు చార్జీ ఇవ్వబోమంటే, బ్యాంకు చార్జీ వదిలేసి చెక్కు మొత్తం మాత్రం వసూలు చేసి, ఆ ఖర్చును మీ సొమ్ములోంచి కోసుకోవచ్చు. "చార్జీలను వదిలేయరాదు" అని కూడా స్పష్టంగా రాసి ఉండాలి. అయితే అలా రాస్తే చెల్లింపు ఆలస్యమయ్యే అవకాశమూ ఉంది. చిన్న మొత్తాలకు ఈ పట్టుదల వద్దనే నా సలహా.

డబ్బు పడ్డాక బ్యాంకు ఇచ్చే అడ్వైసును సొరుగులో పడేయకండి. అందులో నాలుగు చోట్ల వేలు పెట్టి చూడండి. చెక్కు అసలు మొత్తం. విదేశంలో కోసుకున్నాక వచ్చిన మొత్తం. వేసిన రేటు. ఆ రేటు తేదీ. ఖాతాలో పడిన నికర సొమ్మును చెక్కు అసలు మొత్తంతో భాగించండి. అది మీకు నిజంగా దక్కిన రేటు. ఆ రోజు మధ్య రేటులోంచి దీన్ని తీసేసి, మధ్య రేటుతో భాగించి, నూటితో గుణించండి. ఇందాకటి ఉదాహరణలో రెండో బ్యాంకు ఇచ్చిన 1,93,530ని 2,000తో భాగిస్తే 96.77 వస్తుంది. నూటికి మూడుంపావు దాకా పోయిందన్నమాట. ఈ శాతం ఒక్కటే మీకు కావలసిన అంకె. తేదీ కూడా సరిచూడండి. డబ్బు నాస్ట్రో ఖాతాలో సోమవారం పడి, మీకు గురువారం రేటు వేసి, ఈలోగా రేటు పడిపోయి ఉంటే, ఆ మూడు రోజుల ఆలస్యానికి కారణం రాతపూర్వకంగా అడిగే హక్కు మీకుంది. చాలాచోట్ల సరిచేస్తారు, అడ్వైసు చేతిలో పట్టుకుని అడిగితే.

(సభలో ఒకరు: ఫోనులో ఫొటో తీసి వేసే సౌకర్యం ఉంది కదండీ, విదేశీ చెక్కుకు ఎందుకు పనిచేయదు?)

మంచి ప్రశ్న. ఫొటోతో జమ చేయాలంటే ఆ బొమ్మకు అసలు చెక్కుతో సమానమైన విలువ చట్టం ఇవ్వాలి, దాన్ని తీసుకునే క్లియరింగ్ వ్యవస్థ ఉండాలి. అమెరికాలో 2003లో చేసి 2004 అక్టోబరు 28 నుంచి అమలు చేసిన చెక్ 21 చట్టం అందుకు దారి వేసింది. కానీ అది ఆ దేశపు క్లియరింగులోపల. చెక్కు సరిహద్దు దాటితే చాలావరకు కాగితమే ప్రయాణం చేయాలి. అందుకే, చెక్కు ఏ దేశానిదో ఆ దేశంలో మీకు పాత ఖాతా ఉంటే, అందులో వేయడం అన్నిటికన్నా చవక. అక్కడ అది స్వదేశీ చెక్కు. కలెక్షను చార్జీ లేదు, వారాల ఎదురుచూపు లేదు. ఆ తర్వాత వైరు ద్వారానో, మార్జిన్ తక్కువ తీసుకునే మనీ ట్రాన్స్‌ఫర్ సంస్థ ద్వారానో మీ దగ్గరికి తెచ్చుకోవచ్చు. అక్కడ చదువుకున్నప్పుడో ఉద్యోగం చేసినప్పుడో తెరిచిన ఖాతాలను చాలామంది తొందరపడి మూసేస్తారు. ఇంకా డబ్బు రావలసి ఉంటే మూయకండి.

(ఇంకొకరు: మూడు నెలలకోసారి నలభై యాభై డాలర్ల డివిడెండు చెక్కు వస్తుందండీ. చార్జీలకే పోతోంది.)

అంత చిన్న చెక్కును కలెక్షనుకు పంపకండి. కొన్ని బ్యాంకులు ఒక మొత్తం కన్నా తక్కువైతే తీసుకోవు కూడా. ఇచ్చేవారికే రాయండి. షేర్ల రిజిస్ట్రారుకు ఖాతా వివరాలిస్తే నేరుగా ఖాతాలో వేసే ఏర్పాటు ఉంటుంది. లేదంటే డివిడెండును మళ్ళీ షేర్లలో పెట్టే పథకం ఉందేమో అడగండి. అదీ లేకపోతే ఏడాదికోసారి కలిపి ఇవ్వమనండి. పింఛనుకూ, రాయల్టీకీ ఇదే మాట. నిజానికి పెద్ద మొత్తానికైనా నేను మొదట చెప్పే సలహా ఇదే: చెక్కు రాయకముందే అవతలివారిని ఎలక్ట్రానిక్ బదిలీ అడగండి. వచ్చేసిన చెక్కును కూడా మార్చకుండా తిరిగి పంపించి, వైరు చేయమని కోరవచ్చు. రేటు ఆ రోజే తెలుస్తుంది, ఎంత వస్తుందో ముందే లెక్కగట్టవచ్చు.

చెక్కుల రోజులు ఎలాగూ దగ్గరపడుతున్నాయి. డెన్మార్క్ బ్యాంకులు 2017లో, నెదర్లాండ్స్ బ్యాంకులు 2021లో ఆపేశాయి. న్యూజిలాండ్ బ్యాంకులూ 2021 నాటికి వదిలేశాయి. అమెరికా ప్రభుత్వం కాగితపు చెక్కులతో చెల్లింపులు 2025 సెప్టెంబరు 30తో ఆపాలని ఆ ఏడాది మార్చిలో ఉత్తర్వు ఇచ్చింది. చెక్కులు తీసుకునే బ్యాంకులు తగ్గేకొద్దీ మిగిలినవాళ్ళ చార్జీలు పెరుగుతాయి. మీకు క్రమం తప్పకుండా వచ్చే చెక్కు ఏదైనా ఉంటే దాన్ని ఎలక్ట్రానిక్‌గా మార్పించే పని ఈ వారంలోనే పెట్టుకోండి.

(ముందు వరసలో ఒకరు: కొరియరులో చెక్కు పోతే ఏం చేయాలండీ?)

ముందు బ్యాంకు దగ్గర నుంచి చెక్కు దారిలో పోయిందని, డబ్బు అందలేదని ఉత్తరం తీసుకోండి. ఇందాక తీయమన్న జెరాక్స్, కలెక్షను రిఫరెన్సు నంబరు ఇక్కడే అవసరమవుతాయి. ఆ ఉత్తరం జత చేసి, చెక్కు రాసినవారికి స్టాప్ పేమెంట్ పెట్టమని రాయండి. మామూలు చెక్కయితే స్టాప్ పడిన వెంటనే మళ్ళీ ఇవ్వవచ్చు. అమెరికాలో బ్యాంకే రాసిచ్చే క్యాషియర్స్ చెక్కయితే అంత తేలిక కాదు. పోయిందని ప్రమాణపూర్వకంగా రాసిచ్చినా, చెక్కు తేదీ నుంచి తొంభై రోజులు గడిచేదాకా ఆ బ్యాంకు చెల్లించనక్కర్లేదు. కాబట్టి చెక్కు పోయిందని తెలిసిన రోజే ఆ ప్రకటన దాఖలు చేయండి. మళ్ళీ ఇచ్చేటప్పుడు మాత్రం ఇంకో చెక్కు అడగకండి, ఖాతా వివరాలిచ్చి వైరు చేయించుకోండి.